పచ్చిపులుసు నీళ్ళలో నానే ఫ్రిజ్ తొక్కు

మా హనుమకొండ ఇంట్లో తొక్కు అంటే పైన నూనె తేలాలి, పోపు వాసన గడప దాటాలి. అందుకే నేను మొదటిసారి కీరా, క్యారెట్ ముక్కలు సీసాలో వేసి నీళ్ళు పోస్తుంటే అత్తమ్మ వచ్చి చూసి, "నూనె లేదు, పోపు లేదు, ఇదేం తొక్కు బిడ్డా, దవాఖానల సెలైన్ లెక్క ఉన్నది" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. హోటళ్ళలో ఇచ్చే ఆ వెనిగర్ ఉల్లిగడ్డల్లో పులుపు తప్ప ఇంకో రుచి ఉండదు. అప్పుడే అనిపించింది, ఈ నీళ్ళకి పచ్చిపులుసు రుచి ఎందుకు పట్టించకూడదని. కాల్చిన పచ్చిమిర్చి, చింతపండు, బెల్లం, జీలకర్ర. మనకు తెలిసిన నీళ్ళే కదా.

కానీ మొదటి సీసా పాడైంది. వెనిగర్ వాసన నచ్చక ఒట్టి చింతపండు రసమే పోశాను, పచ్చిపులుసు అన్నాక నువ్వులపొడి లేకపోతే ఎట్లా అని రెండు చెంచాలు కలిపాను, కొత్తిమీర కూడా చల్లాను. ఐదో రోజు మూత తీస్తే బుస్సుమంది, కీరా ముక్క పట్టుకుంటే సబ్బులా జారింది. చింతపండు పులుపు ఒక్కో చెట్టుకి ఒక్కోలా ఉంటుంది, మనం ఎంత పలుచన చేశామో కొలవలేం. వెనిగర్‌లో ఎంత శాతం పులుపు ఉందో సీసా మీదే రాసి ఉంటుంది. అందుకని కాపలాకి వెనిగర్, రుచికి చింతపండు. ఈ రెండో దాన్ని నమ్ముకుని మొదటి దాన్ని వదిలేయకండి.

లీటరు గాజు సీసాకి లెక్క చెప్తాను. కీరాలు రెండు, క్యారెట్ ఒకటి, చిన్న ఉల్లిగడ్డ ఒకటి, ఎల్లిగడ్డ రెబ్బలు ఆరేడు, అన్నీ కలిపి అరకిలో పైచిలుకు. మిర్చి మాత్రం రెండు రకాలు కావాలి, ఇక్కడే అసలు మజా. ఒకటి సన్న పచ్చిమిర్చి ఆరు, కారం దాని పని. రెండోది పండు చపాటా నాలుగు. టమాటలా గుండ్రంగా, ఎర్రగా ఉండే మన వరంగల్ మిర్చి అదే, 2025లో జీఐ (ఈ ప్రాంతానిదే అనే) గుర్తింపు కూడా వచ్చింది. దాని రంగు గొప్ప, కారం తక్కువ, కండ మందం, అందుకని నానినా మెత్తబడదు, ముక్కలా కొరుక్కుని తినొచ్చు. అది దొరికే కాలం కాకపోతే మామూలు పండుమిర్చి వేయండి, అప్పుడు పచ్చిమిర్చి రెండు తగ్గించండి, లేకపోతే తినేవాళ్ళు మిమ్మల్ని తిడతారు.

కీరా రెండు కొసలూ కోసేయండి, ముఖ్యంగా పువ్వు ఉన్న వైపు, అది ఉంటే ముక్క తొందరగా మెత్తబడుతుంది. పప్పులో వేసే పసుపు దోసకాయతో కూడా చేయొచ్చు, గింజలు తీసేసి, చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు లేదని చూసుకున్నాకే. కీరా ముక్కలకు ఒక చెంచా ఉప్పు పట్టించి అరగంట జల్లెడలో పెడితే నీళ్ళు కారిపోతాయి. ఈ పని మానేస్తే ఆ నీళ్ళన్నీ తర్వాత సీసాలోకే దిగి పులుపుని చప్పగా చేస్తాయి.

ఇక పచ్చిమిర్చి. ఒక్కోదానికి చాకుతో చిన్న గాటు పెట్టండి, లేకపోతే మంట మీద టప్పున పేలి గింజలు మొహాన పడతాయి. పట్టకారుతో పట్టుకుని సన్న మంట మీద తిప్పుతుంటే ముందు తోలు మెరుస్తుంది, తర్వాత బుడిపెలు లేస్తాయి, వాటి కొనలు నల్లబడతాయి, ఆకుపచ్చ రంగు పాలిపోయి మిర్చి మెత్తగా వంగిపోతుంది. అక్కడ ఆపండి. మొత్తం బొగ్గయితే నీళ్ళు చేదెక్కుతాయి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గు మాత్రం తప్పదు. నాలుగింటిని ఒకటిన్నర టేబుల్ స్పూన్ దొడ్డుప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా నూరండి (పచ్చిపులుసుకి చేత్తోనే పిసుకుతాం కానీ ఆ చెయ్యి తర్వాత కంటికి పోతుంది, వద్దు), రెండు మాత్రం అట్లాగే ఉంచండి.

25 గ్రాముల చింతపండుని పావు లీటరు వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, బట్టలో వడగట్టండి. పిప్పి రసంలోకి పోతే నీళ్ళు మడ్డిగా అవుతాయి. స్టీలు గిన్నెలోనే ఈ రసం మరిగించండి, సత్తు, ఇత్తడి గిన్నెలు పులుపుకి పనికిరావు. రెండు టేబుల్ స్పూన్ల తురిమిన బెల్లం, దంచిన జీలకర్ర ఒక చెంచా, ఒక రెమ్మ కల్యమాకు వేసి ఐదు నిమిషాలు ఉంచాక పావు లీటరు వెనిగర్ పోసి ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. మీ వెనిగర్ 4 శాతమే అయితే 300 మిల్లీలీటర్లు పోసి చింతపండు నీళ్ళు 200కి తగ్గించండి. నూరిన మిర్చి ఇప్పుడు ఆ వేడిలో వేసి ఇరవై నిమిషాలు మూత పెట్టి, మళ్ళీ వడగట్టండి. చుక్క నాలుక మీద వేసుకుంటే ఉప్పు, పులుపు కాస్త ఎక్కువే అనిపించాలి, ముక్కలు పీల్చుకున్నాక సరిపోతుంది.

సీసా వేడి నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాలి. అడుగున క్యారెట్, ఎల్లిగడ్డ, ఆపైన చపాటా చీలికలు, కీరా, ఉల్లిగడ్డ, పక్కన కాల్చిన రెండు మిర్చిలు. నీళ్ళు గోరువెచ్చగా అయ్యాకే పోయండి, మరుగుతున్నవి పోస్తే కీరా ఉడికిపోతుంది. ముక్కలన్నీ మునగాలి, పైన తేలేవే ముందు పాడవుతాయి. ఇనుప మూత అయితే కింద ఒక ప్లాస్టిక్ కవర్ ముక్క పెట్టండి, వెనిగర్‌కి తుప్పు పడుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టండి, తలుపు దగ్గర కాదు.

మరుసటి రోజే తినొచ్చు కానీ మూడో రోజుకి పొగ వాసన ముక్క లోపలికి పోతుంది, అప్పుడు తినండి. మూడు వారాల్లో అయిపోవాలి. ఆవకాయలా ఏడాది బయట పెట్టేది కాదిది, గంట సేపు డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయినా పర్లేదు గానీ రోజంతా వదిలేయకండి. ఎల్లిగడ్డ ఒక్కోసారి నీలంగా, పచ్చగా మారుతుంది, పులుపు తగిలితే అట్లా అవుతుంది, టెన్షన్ పడొద్దు. పైన తెల్ల పొర, జిగురు, మూత తీయగానే గాలి చప్పుడు, ఇవి కనిపిస్తే రుచి చూడకుండానే పారేయండి.

నువ్వులపొడి, పోపు, కొత్తిమీర ఏవైనా సరే గిన్నెలోకి తీసుకున్నాకే. నాకు ముద్దపప్పు అన్నంలోకి ఇష్టం, మా ఆయన సర్వపిండితో తింటాడు. ముక్కలయిపోయాక మిగిలిన నీళ్ళలో మళ్ళీ కొత్త ముక్కలు వేయకండి, అప్పటికే పులుపు పలుచనై ఉంటుంది. రెండు గరిటెలు తీసి గ్లాసుడు నీళ్ళు కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నువ్వులపొడి వేసి, ఎండుమిర్చి పోపు పెట్టండి. అత్తమ్మ దాన్నే మూడు సార్లు వడ్డించుకుంది, సెలైన్ మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.