బ్రిటన్‌లో ‘సిక్’ అనే ముందు

అనంతపురం, కర్నూలు, కడపల నుంచి చదువుకోవడానికి బ్రిటన్ వెళ్తున్నవాళ్లు, ఊరగాయలూ స్వెటర్లూ సర్దుకునే హడావిడిలో ఈ మాట సంగతి కూడా తెలుసుకొని పొండి.

మనకు జ్వరమొచ్చినా, జలుబు చేసినా, ఒళ్లునొప్పులున్నా ‘ఐయామ్ సిక్’ అనేస్తాం. లీవ్ లెటర్లు రాసి రాసి వచ్చిన అలవాటు. బ్రిటన్‌లో ‘ఐ ఫీల్ సిక్’ అంటే మామూలుగా కడుపులో తిప్పుతోందని. ‘ఐ హావ్ బీన్ సిక్’ అంటే వాంతి చేసుకున్నానని. అమెరికాలో ఏ జబ్బుకైనా సిక్ అంటారు, కాబట్టి అక్కడున్న అన్నను అడిగి ఇదే ఖాయమనుకోవద్దు.

చిక్కంతా ఫోన్లో వస్తుంది. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతోంది, రూములో ఒక్కరే ఉన్నారు. ప్రాణాపాయమైతే 999, కాకపోతే ఆరోగ్య సలహా నంబరు 111 కొట్టాలి. అవతలివాళ్లు ‘హావ్ యూ బీన్ సిక్?’ అంటారు. జ్వరం గురించే అనుకొని మీరు ‘యెస్, త్రీ డేస్’ అంటే, మూడు రోజులుగా వాంతులని అర్థం చేసుకుంటారు. అసలే టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ తర్వాతి ప్రశ్నలు ఇంకా అయోమయంగా ఉంటాయి. అందుకే ఆ మాట జోలికి పోకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఫీవర్, వామిటింగ్, తల తిరుగుతుంటే డిజ్జీ. జ్వరం సెల్సియస్‌లో చెప్పండి, మన 102 అక్కడ దాదాపు 39. ఇంగ్లిష్ తడబడితే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ కావాలని అడగండి. 111లో ఆ ఏర్పాటు ఉంది, మొహమాటం వద్దు.

పార్ట్‌టైమ్ పనిలో మాత్రం ‘ఆఫ్ సిక్’ అంటే ఏ జబ్బుతో సెలవు పెట్టినా సరిపోతుంది. 7 రోజుల వరకు డాక్టర్ కాగితం అక్కర్లేదు. అది దాటితే ‘ఫిట్ నోట్’ కావాలి. 2010లో పేరు మారినా చాలామంది ఇంకా ‘సిక్ నోట్’ అనే అంటారు. కుర్రకారు ‘దట్స్ సిక్’ అంటే అదిరిందని, కంగారు పడకండి.

డోలో కోసం వెతక్కండి, పారాసిటమాల్ అనడిగితే సూపర్‌మార్కెట్‌లోనే 16 మాత్రల పెట్టె ఇస్తారు. వెళ్లిన మొదటి వారంలోనే దగ్గర్లోని జీపీ (మామూలు జబ్బులు చూసే స్థానిక డాక్టర్) దగ్గర పేరు నమోదు చేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు. ఆరోగ్య సర్‌ఛార్జ్ మీరు వీసాతోనే కట్టేసుంటారు.