జర్మనీలో రెండు నెలల భాషా కోర్సు: వీసా ఎక్కడ ఆగిపోతోంది

జర్మన్ నేర్చుకోవడానికి జర్మనీకే వెళ్లాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది రోజుల లెక్క. 90 రోజుల లోపైతే యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటిగా పనిచేసే తక్కువ రోజుల షెంగెన్ వీసా చాలు. అంతకు మించితే జర్మనీ విడిగా ఇచ్చే ఎక్కువ రోజుల నేషనల్ వీసా కావాలి, దానికి వారానికి కనీసం 18 గంటల క్లాసులుండే ఇంటెన్సివ్ కోర్సు చూపించాలి. "షెంగెన్ మీద వెళ్లిపోండి, అక్కడ పొడిగించుకోవచ్చు" అని ఏజెంట్ చెబితే నమ్మకండి. పై లెవెల్ చదవాలని ఉందంటే అక్కడ పొడిగించరు. తిరిగొచ్చి మళ్లీ అప్లై చేయాల్సిందే.

రెండు నెలల కోర్సుకు షెంగెన్ వీసా సరిపోతుంది, దాని మిగతా పని తేలికే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో కాగితాలు, వేలిముద్రలు ఇస్తారు. వీసా ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జి వేరు. కోర్సులో చేరినట్టు లెటర్, ఉండే చోటు వివరం, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. వీసా ఇవ్వాలో వద్దో నిర్ణయించేది సెంటర్ వాళ్లు కాదు, జర్మన్ కాన్సులేట్. "లోపల మనవాళ్లున్నారు" అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు.

చాలామంది తడబడేది బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గర. ఈమధ్య ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రిజెక్షన్ లెటర్ చూపించింది. కన్సల్టెన్సీ వాళ్లు వడ్డీ తీసుకుని, అప్లికేషన్‌కు రెండు వారాల ముందు ఆమె అకౌంట్‌లో ఎనిమిది లక్షలు వేశారు. అంతకుముందు ఆ ఖాతాలో ఎప్పుడూ పాతిక వేలు దాటలేదు. నాకు బాధ కలిగించిందేమిటంటే, ఆ ఇంట్లో సొంత డబ్బే ఉంది. తండ్రి మిర్చి రైతు. పంట అమ్మిన సొమ్ము ఆయన ఖాతాలోనే ఉంది. "రైతు అకౌంట్ పనికిరాదు" అని కన్సల్టెన్సీ వాళ్లే భయపెట్టారు.

పనికొస్తుంది. ఎంతుందన్నదే కాదు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కనపడాలి. పంట అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చే తక్‌పట్టీలు, పట్టాదార్ పాస్‌బుక్ జత చేయండి, తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం పెట్టండి. స్థలం అమ్మితే రిజిస్ట్రేషన్ కాగితం, చీటీ పాడితే చిట్‌ఫండ్ కంపెనీ ఇచ్చిన రసీదు. పెద్ద మొత్తం పడిన ప్రతిసారికీ కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాలు రాయండి. అమ్మానాన్నల ఖాతా అయితే వాళ్లే ఖర్చు భరిస్తామని సంతకం చేసిన లెటర్, మీ బంధుత్వం తెలిపే ఆధారం ఉండాలి.

జర్మనీలో ఉన్న బాబాయో అక్కో ఖర్చు భరిస్తామంటే మామూలు ఆహ్వాన లేఖతో సరిపెట్టొద్దు. వాళ్లు తామున్న ఊళ్లోని విదేశీయుల కార్యాలయానికి వెళ్లి, 29 యూరోలు కట్టి, అధికారిక హామీపత్రం తీసుకోవాలి. దాని పేరు ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్ఎర్‌క్లేరుంగ్. ఒరిజినలే కావాలి కాబట్టి కొరియర్‌కు పట్టే రోజులు కూడా లెక్కేసుకోండి.

హైదరాబాద్‌లోనే జర్మన్ నేర్పే గోథే సెంటర్ ఉండగా జర్మనీకెందుకు అన్న ప్రశ్నకు జవాబు మీ మాటల్లోనే రాయండి. కన్సల్టెన్సీ ఇచ్చే రెడీమేడ్ లెటర్ వాడొద్దు. తిరిగొస్తారనడానికి కాలేజీ బోనఫైడ్ గానీ, ఆఫీసు లీవ్ లెటర్ గానీ పెట్టండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వీసా నిరాకరిస్తే అదే కాన్సులేట్‌కు అభ్యంతరం రాసి పునఃపరిశీలన కోరే వెసులుబాటును 2025 జులై 1 నుంచి తీసేశారు. ఇప్పుడు మిగిలింది కొత్తగా అప్లై చేయడం, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్లడం. నిరాకరణ వివరం షెంగెన్ దేశాలన్నిటికీ కనిపించే రికార్డులో ఐదేళ్లు ఉంటుంది. అయినా ఒకసారి కాదన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు. రిజెక్షన్ లెటర్‌లో ఏ కారణం దగ్గర టిక్ పెట్టారో చూసి, ఆ లోటు తీర్చే కాగితాలతో మళ్లీ అప్లై చేయొచ్చు. పాత నిరాకరణ గురించి అడిగితే మాత్రం దాచొద్దు.