రక్తం చదువుదాం, 5వ పాఠం: స్ప్లీన్ పొట్ట మీద లేదు

ఈసారి తెల్లకణాలు మొదలుపెట్టాలి. అది వాయిదా వేస్తున్నాను. ఎర్రకణం దాదాపు 120 రోజులు తిరిగి, ముసలిదై, ఎక్కువగా స్ప్లీన్‌లోనూ (ప్లీహం) కాలేయంలోనూ రాలిపోతుందని పోయిన పాఠంలో చెప్పి, రూమ్మేట్ ఒంటి మీద స్కెచ్ పెన్నుతో స్ప్లీన్ గీసి ఫొటో పంపమన్నాను. బరంపురం హాస్టళ్ల నుంచి, కోరాపుట్ నుంచి, పర్లాకిమిడి నర్సింగ్ పిల్లల నుంచి ఫొటోలు బాగానే వచ్చాయి. చాలామంది బొమ్మల్లో స్ప్లీన్ పొట్ట మీదికి దిగిపోయింది. కొందరిదైతే కుడివైపే ఉంది.

కుడి ఎడమల గురించి ఎక్కువ చెప్పను. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ పక్క మీ కుడిచేతి వైపు వస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్ చూసేటప్పుడూ అంతే. అనుమానం వస్తే గుండె ఎక్కడ తగులుతోందో చెయ్యి పెట్టి చూసి, ఆ పక్కనే గీయండి.

పొట్ట మీద గీసినవాళ్లతోనే నా పేచీ. మామూలు సైజు స్ప్లీన్ మొత్తం 9, 10, 11 పక్కటెముకల చాటునే ఉంటుంది. దాని పొడవు 10వ ఎముక వెంబడే సాగుతుంది. వెనక కొస వెన్నుపూసల గీతకి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ముందు కొస చంక మధ్య నుంచి కిందికి దిగే గీత దాటదు. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ముందు నుంచి చూసి గీయడానికి అసలు చోటే లేదు. మనిషిని పక్కకి తిప్పాలి, లేదా వెనక్కి వెళ్లాలి.

ఎముకలు లెక్కపెట్టడానికి పుస్తకాలు స్టెర్నమ్ (రొమ్ము ఎముక) కోణం దగ్గర 2వ పక్కటెముక పట్టుకుని కిందికి రమ్మంటాయి. తప్పేమీ కాదు గానీ, లావుపాటి మనిషికి ఆరో ఎముక వచ్చేసరికి లెక్క తప్పుతుంది. నేను వెనక నుంచే వెళ్తాను. చేతులు కిందికి వదిలేసి నిలబడమనండి. స్కాపులా (వీపు మీది రెక్క ఎముక) కింది కొస వేలికి తగులుతుంది. అది ఇంచుమించు 7వ ఎముక మీద ఉంటుంది. అక్కడి నుంచి మూడు దిగితే పది. చెయ్యి పైకెత్తితే స్కాపులా తిరిగిపోయి లెక్క చెడుతుంది. ఫొటోల్లో సగానికి సగం మంది చెయ్యెత్తించే గీశారు.

కొలతలకి 1, 3, 5, 7, 9, 11 అన్న పాత లెక్క మీకు తెలిసే ఉంటుంది: మందం, వెడల్పు, పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో, తర్వాత పక్కటెముకలు. 7 ఔన్సులంటే దాదాపు 200 గ్రాములు. ఇప్పటి పుస్తకాలు 150 అంటున్నాయి. పరీక్షలో 150 రాయండి. స్ప్లీన్ లోపలి ఎర్ర గుజ్జు, తెల్ల గుజ్జు, రక్తనాళాలు మీరే చదువుకోండి. కష్టమైనవేం కావు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. స్ప్లీన్ చూడమంటే నేరుగా ఎడమ పక్కటెముకల అంచు కింద వేళ్లు దూర్చడం. పెరిగిన స్ప్లీన్ తిన్నగా కిందికి దిగదు. దాని కింద పెద్దపేగు మలుపుని పట్టి ఉంచే ఫ్రెనికోకాలిక్ లిగమెంట్ అనే కట్టు గట్టులా అడ్డుంటుంది కాబట్టి ఏటవాలుగా బొడ్డు వైపు, అక్కడి నుంచి కుడి ఇలియాక్ ఫోసా (పొట్ట కుడి కింది మూల) వైపు సాగుతుంది. మలేరియా పదే పదే వచ్చిన మనిషికి మన పెద్దవాళ్లు 'పొట్టలో బల్ల పెరిగింది' అనేది దీన్నే. అలాంటి పొట్టలో మీరు ఎడమ అంచు దగ్గర మొదలుపెడితే చెయ్యి స్ప్లీన్ మీదే పడుతుంది. అంతా ఒకే గట్టిదనం, అంచు దొరకదు. కండరం బిగబట్టాడనుకుని 'స్ప్లీన్ తగల్లేదు' అని రాసేస్తారు. అంత పెద్దది చేతి కిందే ఉంటుంది!

కాబట్టి కుడి ఇలియాక్ ఫోసాలో మొదలుపెట్టండి. ఎడమచెయ్యి రోగి ఎడమ పక్కటెముకల వెనక ఉంచి కొంచెం ముందుకి ఎత్తండి. కుడిచేతి వేళ్లు కదపకుండా, శ్వాస తీసుకోమని చెప్పండి. స్ప్లీనే దిగి వచ్చి వేళ్లకి తగలాలి. మీరు దాని కోసం పొడవకూడదు. శ్వాస వదిలినప్పుడే చెయ్యి ఓ వేలు మందం పైకి జరపండి. మళ్లీ శ్వాస. ఎడమ పక్కటెముకల అంచు దాకా వచ్చినా తగలకపోతే రోగిని కుడివైపు తిప్పి పడుకోబెట్టి ఇంకోసారి చూడండి. స్ప్లీన్ రెండు మూడు రెట్లు పెరిగితే గానీ చేతికి రాదు. వచ్చాక గట్టిగా నొక్కొద్దు, వాచిన స్ప్లీన్ చిట్లుతుంది. ఘాట్ రోడ్డులో బండి మీంచి పడ్డవాళ్లకి ఎడమ 10వ ఎముక విరిగితే సర్జన్లు ముందు దీన్నే అనుమానించేది ఇందుకే.

తగిలింది కిడ్నీ కాదని ఎలా తెలుస్తుంది? స్ప్లీన్‌కి ముందు అంచున నొక్కు ఉంటుంది. దానికీ పక్కటెముకలకీ మధ్య మీ వేళ్లు దూరవు. వేలితో తట్టి చూస్తే మొద్దుగా మోగుతుంది. కిడ్నీ ముందు పెద్దపేగు ఉంటుంది గనక అక్కడ డొల్ల శబ్దం వస్తుంది. నాకైతే ఆ నొక్కు తగిలితేనే నమ్మకం.

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి అడిగినవాళ్లకి. హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తే ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం బిరుసెక్కుతుంది. స్ప్లీన్‌లోని సన్నని చీలికల్లో దూరలేక అక్కడే ఇరుక్కుంటుంది. పసితనంలో స్ప్లీన్ పెరిగి, తర్వాత లోపల మచ్చలు పడి ముడుచుకుపోతుంది. స్మియర్‌లో (గాజు పలక మీద పూసిన రక్తం) హోవెల్-జాలీ బాడీలు, అంటే ఎర్రకణాల్లో మిగిలిపోయిన న్యూక్లియస్ ముక్కలు, కనిపిస్తే స్ప్లీన్ పని మానేసిందని అర్థం. పెద్దవాళ్లయ్యేసరికి స్ప్లీన్ ఉండదని పుస్తకం రాస్తుంది. మన ఒడిశాలో మాత్రం దాన్ని కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఇక్కడి సికిల్ రోగుల్లో, కణాన్ని బిరుసెక్కనివ్వని పిండ హిమోగ్లోబిన్ (కడుపులో బిడ్డకి ఉండేది) ఎక్కువగా ఉంటుంది. అందువల్ల పెద్దయ్యాక కూడా స్ప్లీన్ చేతికి తగిలేవాళ్లు చాలామందే.

అభ్యాసం. హాకెట్ గ్రేడ్లు (స్ప్లీన్ ఎంత పెరిగిందో చెప్పే లెక్క): లోతు శ్వాసలో మాత్రమే తగిలితే 1. మామూలు శ్వాసలో తగిలి, పక్కటెముకల అంచుకీ బొడ్డుకీ మధ్య సగం లోపు ఉంటే 2. సగం దాటి బొడ్డు దాకా 3. బొడ్డు దాటి, బొడ్డుకీ ప్యూబిస్‌కీ (పొత్తికడుపు కింది ఎముక) మధ్య సగం దాకా 4. అదీ దాటితే 5. ఇప్పుడు చెప్పండి:

గుణుపురం వైపు పిల్లాడు, గట్టిగా శ్వాస తీస్తేనే అంచు తగిలింది. ఏ గ్రేడు?

రాయగడ నుంచి వచ్చిన 30 ఏళ్ల ఆవిడకి సికిల్ వ్యాధి ఖాయమైంది. స్ప్లీన్ గ్రేడ్ 3, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) 80,000. మామూలుగానే ప్లేట్‌లెట్లలో మూడో వంతు స్ప్లీన్‌లో ఉంటాయని గుర్తుపెట్టుకుని, అవి ఎందుకు తగ్గాయో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆమెకి మలేరియా పరీక్ష కూడా చేయిస్తారా, ఎందుకు?

బొమ్మలు మళ్లీ గీయాలి. సన్నగా ఉన్నవాళ్లు ఒకరు, లావుగా ఉన్నవాళ్లు ఒకరు, ఇద్దరి మీదా, వాళ్లు ఒప్పుకుంటేనే. వెనక నుంచి తీసిన ఫొటోలో స్కాపులా కొస దగ్గర 7 అని రాసి ఉండాలి, చేతులు కిందికి ఉండాలి, మొహం రాకూడదు.