కార్పొరేషన్‌లో ఆర్టీఐ: ప్రశ్న కాదు, కాగితం అడగండి

"మా వీధి రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పాడైంది? దీనికి బాధ్యులెవరు? ఎప్పుడు బాగు చేస్తారు?" ఆర్టీఐ దరఖాస్తు ఇలా రాస్తే నెల తర్వాత ఒక్క ముక్క జవాబు వస్తుంది: "మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందకు రాదు." ఒళ్లు మండుతుంది, కానీ ఇక్కడ వాళ్లది పూర్తిగా తప్పు కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు ఇమ్మంటుందే గానీ, మన ప్రశ్నకి కొత్తగా జవాబు తయారు చేసి ఇమ్మనదు. 2011లో సీబీఎస్‌ఈ జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. కాబట్టి సంజాయిషీ అడగకండి, కాగితం అడగండి, అదీ దాని పేరు పెట్టి.

రోడ్డు సంగతే చూద్దాం. ఒక సీసీ రోడ్డు వేశారంటే దాని వెనక ఎస్టిమేట్, మంజూరు ఉత్తర్వు, టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డర్, ఎం-బుక్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చివరికి బిల్లు ఉంటాయి. వీటిలో అసలు సరుకు ఎం-బుక్కే. పని జరిగిన చోట కొలతలు తీసి పొడవు ఎంత, వెడల్పు ఎంత, మందం ఎంత అని అందులో ఎక్కిస్తారు, దాన్ని బట్టే బిల్లు పాసవుతుంది. ఆ పేజీ చేతిలో పెట్టుకుని టేపు తీసుకుని వీధిలోకి వెళితే ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. దరఖాస్తులో ఇలా రాయండి:

"ఫలానా వార్డు, ఫలానా వీధిలో ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు 1-4-2023 నుంచి 31-3-2025 మధ్య జరిగిన సీసీ రోడ్డు పనికి సంబంధించిన అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, ఫైనల్ బిల్లు ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంతో తెలిపే పేజీ తప్పనిసరిగా జతచేయగలరు."

డిఫెక్ట్ లయబిలిటీ గడువు అంటే, వేసిన రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం. దరఖాస్తులో ఉండాల్సింది చోటు, తేదీలు, కాగితం పేరు. అంతే. పైన ఆవేశంగా ఒక పేరా, కింద అవినీతి మీద ఇంకో పేరా వద్దు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని కూడా లేదు, సెక్షన్ 6(2) ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. తెలుగులో రాస్తే చాలు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టడంలో సాయం చేయాల్సిన బాధ్యత ఆ ఆఫీసులో ఆర్టీఐ దరఖాస్తులు చూసే పౌర సమాచార అధికారిదే.

దరఖాస్తు పెట్టేముందు ఒక గంట నెట్‌లో వెతకండి. తెలంగాణ 2016లో ఓపెన్ డేటా పాలసీ తెచ్చి పోర్టల్ కూడా పెట్టింది, కరెంటు వాడకం, వాహనాల రిజిస్ట్రేషన్లు, వాతావరణం లాంటివి ఉచితంగా దించుకోవచ్చు. మీ వీధి రోడ్డు బిల్లు మాత్రం అక్కడ దొరకదు, ఆశ పెట్టుకోకండి. దానికన్నా రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్ పనికొస్తుంది: టెండరు నోటీసులో పని పేరు, నంబరు దొరికితే అవే మక్కీకి మక్కీ దరఖాస్తులో రాయండి. అప్పుడు "ఏ పనో అర్థం కాలేదు" అని తప్పించుకోవడం కష్టం.

తర్వాత ఎవరికి ఇవ్వాలి? హైదరాబాద్‌లో ఇదొక తలనొప్పి. డ్రైనేజీ చాలాచోట్ల వాటర్ బోర్డుది, లేఅవుట్ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ)ది కావచ్చు, స్తంభం కరెంటు వాళ్లది. తప్పు ఆఫీసులో ఇచ్చినా సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి, కానీ చట్టాన్ని నమ్ముకుని కూర్చునే కంటే కార్పొరేషన్ పెద్దాఫీసుకి కాకుండా ఆ పని చేయించిన ఇంజినీరింగ్ విభాగం పౌర సమాచార అధికారికే నేరుగా ఇస్తే రోజులు కలిసొస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో మాత్రం పెట్టకండి. అది కేంద్ర శాఖలకే, రాష్ట్రంవి తిప్పి పంపేస్తారు, కట్టిన ఫీజు కూడా వెనక్కి రాదు.

ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు వాళ్లకి అదీ లేదు, కార్డు జెరాక్స్ పెడితే చాలు. నకళ్లకి పేజీకి 2 రూపాయలు. దరఖాస్తులు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకోండి, అది లేకుండా అక్కడి నుంచి కదలకండి. పోస్టులో పంపాలంటే 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే. ఇక ఎక్కువమంది ఇరుక్కునే చోటు ఒకటుంది: ఆఫీసు నుంచి "నకళ్లకి ఇంత కట్టండి" అని ఉత్తరం వస్తే, అది పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు దాకా పట్టిన కాలం, వాళ్లు జవాబివ్వాల్సిన 30 రోజుల గడువులో లెక్కలోకి రాదు. కాబట్టి వెంటనే కట్టేయండి. గడువు దాటాక ఇస్తే నకళ్లకి పైసా తీసుకోకూడదు, అది సెక్షన్ 7(6).

ఫైలు లావుగా ఉంటుందనుకుంటే నకళ్లకి బదులు రికార్డుల తనిఖీ అడగండి. నా ఉద్దేశంలో ఈ చట్టంలో జనం తక్కువగా వాడుకునేది, ఎక్కువగా పనికొచ్చేది ఇదే. సెక్షన్ 2(జె) ప్రకారం కాగితాలే కాదు, జరుగుతున్న పనిని కూడా చూడొచ్చు, వాడిన మెటీరియల్ శాంపిల్ ధ్రువీకరించి ఇమ్మని కూడా అడగొచ్చు. మొదటి గంట తనిఖీ ఉచితం, ఆ తర్వాత ప్రతి పావుగంటకి 5 రూపాయలు. ఫైల్లో నోట్ షీట్ చూడటం మర్చిపోకండి, ఎవరు ఎప్పుడు ఏం రాసి సంతకం పెట్టారో అందులోనే ఉంటుంది. కావాల్సిన పేజీల నంబర్లు రాసుకుని వాటికే నకళ్లు అడగండి.

పన్ను వసూళ్లు, ఫిర్యాదుల జాబితా లాంటివి అడిగేటప్పుడు "కంప్యూటర్లో ఉన్న ఎక్సెల్ ఫైలు అదే రూపంలో సీడీలో గానీ ఈమెయిల్లో గానీ" అని రాయండి, లేకపోతే ప్రింట్లు తీసి కట్టలు కట్టి ఇస్తారు. పక్కింటాయన ప్లాను అడిగితే వ్యక్తిగత సమాచారం అంటూ 8(1)(జె) చూపిస్తారు. 2023 డేటా రక్షణ చట్టం ద్వారా ఆ క్లాజును ఇంకా బిగించారు, అయినా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని చెప్పే 8(2) అలాగే ఉంది, దాన్నే ఎత్తిచూపండి. అన్నట్టు, అమెరికాలో ఉండి ఇక్కడి ఇంటి కోసం అడగాలనుకునే వాళ్లకి: భారత పౌరసత్వం ఉంటేనే ఈ హక్కు, గ్రీన్ కార్డు ఉన్నా పర్లేదు గానీ, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో కుదరదు.

30 రోజులు దాటినా జవాబు రాకపోతే, వచ్చినా అడ్డదిడ్డంగా ఉంటే, మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఒక పేజీ చాలు: దరఖాస్తు తేదీ, ఏమడిగారు, ఏమిచ్చారు, ఏం ఇవ్వలేదు. చాలా కాగితాలు ఈ దశలోనే కదులుతాయి కాబట్టి దీన్ని తూతూమంత్రంగా రాయొద్దు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. రోజుకి 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది గానీ, అక్కడ ఓపిక కావాలి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరంటే అప్పీళ్లు ఎంత పేరుకుపోయి ఉంటాయో మీరే ఊహించుకోండి.

అందుకని వచ్చిన కాగితాలతోనే పని మొదలుపెట్టండి. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఇంకా మిగిలే ఉంటే, అప్పీలు తేలేదాకా ఆగకుండా ఆ పేజీ జెరాక్స్, రోడ్డు ఫొటోలు పెట్టి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ)కి విడిగా ఒక అర్జీ ఇచ్చి దానికీ స్టాంపు వేయించుకోండి. గడువులోపు అయితే ఆ మరమ్మతు కాంట్రాక్టరు సొంత ఖర్చుతో చేయాలి.