చేతి గాయం పరీక్షించే ముందు జాగ్రత్తలు

- ఉంగరాలు, గాజులు, వాచీ ముందే తీయించండి. వాపు పెరిగాక ఉంగరం వేలికి రక్తం అందనివ్వదు.
- ఏ చేత్తో పని చేస్తారు, టీటీ (ధనుర్వాతం టీకా) ఎప్పుడు వేయించుకున్నారు అని అడగండి.
- మత్తు ఇంజెక్షన్‌కి ముందే ప్రతి వేలికీ రెండు పక్కలా స్పర్శ చూసి రాసుకోండి. మత్తు ఇచ్చాక నరం తెగిందో లేదో తెలుసుకోలేం. తొందరలో ఎక్కువగా వదిలేసేది ఇదే.
- కొడవలి గాటు పైకి చిన్నగా ఉన్నా నమ్మొద్దు. సగం తెగిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) కూడా వేలు కదులుతుంది. మీ వేలితో అడ్డుపెట్టి, బలంగా వంచమనండి.
- చెయ్యి ఆనించి పడ్డవాళ్లకు బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గరి గుంటలో నొక్కండి. నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా సరే, దయచేసి ఇంటికి పంపేయకండి. స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక) విరిగినా మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కట్టు వేసి, 10–14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి.