ఆటోమేటిక్ పికప్ గేర్లు సతాయిస్తుంటే: గేర్‌బాక్స్ దించే ముందు చూడాల్సినవి

తిప్పర్తి దాటి మిర్యాలగూడ దిక్కు పోతుంటే 70 స్పీడు దగ్గర నా బండి సన్నగా వణకడం మొదలైంది. రోడ్డు మీద వరసగా వేసే తెల్లగీతల స్పీడ్ బ్రేకర్ల మీద పోతున్నట్టు రెండు మూడు సెకన్లు, మళ్లీ మామూలు. టైర్లే అనుకున్నాను. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను, ముందర రెండు టైర్లు కొత్తవి వేయించాను. వణుకు అట్లనే ఉంది. ఒక షెడ్డుకు తీసుకుపోతే, బండి కిందికి వంగి కూడా చూడకుండా "గేర్‌బాక్స్ పోయిందన్నా, దించాలె" అన్నారు.

దించలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ రెండు తాపలు మారిస్తే వణుకు పోయింది. ఆ తిప్పల్లో నేర్చుకున్నది, తర్వాత తెలిసినవాళ్ల బండ్ల మీద చూసింది ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ధాన్యం, బత్తాయి మోసే పికప్‌లు దాదాపు అన్నీ చేతి గేర్లవే. ఆరు స్పీడ్ల ఆటోమేటిక్ కొత్తగా వచ్చింది. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్‌లో 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్‌తో ఉంది, ఇసుజు వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల ఇంజన్‌తో ఉంది. అందుకే చాలామంది మెకానిక్‌లు దీన్ని కూడా క్లచ్ ప్లేట్ లెక్కలోనే చూస్తారు. దీని లెక్క వేరే.

మార్కెట్ యార్డులో ఇద్దరు హమాలీలు బస్తా ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి మార్చుకోవడం చూసే ఉంటారు. మొదటాయన ముందే వదిలేస్తే బస్తా జారుతుంది. రెండో ఆయన ఎత్తుకున్నాక కూడా వదలకుంటే ఇద్దరూ గుంజుకుంటారు. ఈ బాక్స్‌లో గేరు మారడం అదే. ఒక క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల కట్ట) వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. ఎంత వదలాలో ఎంత పట్టాలో ఆయిల్ ఒత్తిడితో నడుస్తుంది. ఆ ఒత్తిడిని సొలెనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు, సర్దుతాయి, సొలెనాయిడ్లకు కంప్యూటర్ చెప్తుంది. అంటే ఆయిల్, కరెంటు, సెన్సర్లు సరిగ్గా ఉన్నాయని తేలేదాకా లోపలి క్లచ్‌ల మీద నేరం వేయొద్దు.

షెడ్డుకు పోయే ముందు ఒక పని చేయండి. సమస్య ఎప్పుడు వస్తుందో వారం రోజులు కాగితం మీద రాయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, గంట నడిచాకనా? ఏ గేరు నుంచి ఏ గేరుకు? లోడు మీదనా, ఖాళీగానా? యాక్సిలరేటర్ మీద కాలు ఎంత ఉంది? మంచి మెకానిక్‌కు ఈ కాగితం సగం పని తగ్గిస్తుంది.

డీలో వేశాక బండి ఆలోచిస్తుంది

పొద్దున మొదటిసారి డీలోనో (ముందుకు) ఆర్‌లోనో (రివర్స్) వేస్తే ఒక సెకను ఆగి అందుకోవడం పెద్ద విషయం కాదు. రెండు సెకన్లు దాటి, తర్వాత దబ్బున అందుకుంటే ముందుగా అనుమానించాల్సింది ఆయిల్ తక్కువ ఉందని. రెండు దిక్కులా ఆలస్యమైతే ఆయిల్ మట్టం, ఫిల్టర్, పంపు చూడాలి. ఒక్క రివర్స్‌లోనే ఆలస్యమైతే లోపల ఆ ఒక్క క్లచ్ దారిలో ఏదో ఉంది.

ఇందులో మన ఎండల వల్ల వచ్చే చిక్కు ఒకటుంది, ఎక్కువమందికి తెలియదు. చాలా ఆరు స్పీడ్ల బాక్స్‌లకు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ నడుస్తుండగా, లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడికి వచ్చినప్పుడు కింద ఉన్న లెవెల్ బోల్టు విప్పాలి. ఆయిల్ సన్నటి ధారగా కారి బొట్లు బొట్లుగా మారితే మట్టం సరిపోయినట్టు. కొన్ని బండ్లకు ఆ వేడి 40 డిగ్రీల చుట్టుపక్కలే. మే నెల మధ్యాహ్నం నల్లగొండలో గాలే 44 డిగ్రీలుంటే, నడిపి తెచ్చిన బాక్స్ ఆ వేడికి ఎట్లా దిగుతుంది? వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, బోల్టు విప్పగానే ఎక్కువ కారిపోతుంది, "నిండుగా ఉంది" అని బిగించేస్తారు. చల్లారాక చూస్తే ఆయిల్ తక్కువ.

మా బావమరిది బండికి జడ్చర్లలో ఇదే జరిగింది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆయిల్ మార్చారు. మర్నాటి నుంచి పొద్దున పూట రివర్స్ అందుకోవడానికి మూడు సెకన్లు. తెల్లవారి ఆరింటికి, రాత్రంతా ఆగిన బండి మీద, స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) వేడి చూసుకుంటూ మళ్లీ మట్టం సరిచేస్తే ముప్పావు లీటరు పట్టింది. అంతే, ఆలస్యం పోయింది. ఎండాకాలంలో ఈ పని తెల్లవారకముందే పెట్టించుకోండి. బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి, ఒక పక్క జాకీ మీద లేపి చూసే మట్టం మట్టమే కాదు.

గేరు మారేటప్పుడు ఇంజన్ అరుస్తుంది

రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి తర్వాత పడితే, బస్తా జారిందన్నమాట. ఇక్కడ కూడా మొదట ఆయిలే. మట్టం సరిగ్గా ఉండి, రంగు వాసన బాగుండి కూడా అరుస్తుంటే, రివర్స్ ఎట్లుందో చూడండి. పేరున్న కొన్ని ఆరు స్పీడ్ల డిజైన్లలో మూడు, ఐదు, రివర్స్ గేర్లకు ఒకటే క్లచ్ ప్యాక్ పని చేస్తుంది. మూడుకు పోయేటప్పుడు అరిచి, ఐదుకు పోయేటప్పుడు అరిచి, రివర్స్ కూడా జారితే ఆ ప్యాక్ అరిగిందని గట్టిగా అనుకోవచ్చు. అప్పుడు బాక్స్ దించాల్సిందే. అరుపుతోనే ఇంకో ఆరు నెలలు లోడు మోస్తే అరిగిన ప్లేట్ల పొడి, ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోకి పోయి ఖర్చు పెరుగుతుంది.

ఆగేటప్పుడు వెనక నుంచి 'టక్'

సిగ్నల్ దగ్గర ఆగుతుంటే, లేదా ఆగి కదులుతుంటే వెనక నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక దెబ్బ. దీన్ని గేర్‌బాక్స్ అని చెప్పి బాక్స్ విప్పించినవాళ్లు ఉన్నారు. చాలాసార్లు ఇది గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది. బ్రేకు వేస్తే వెనక ఇరుసు, కమాన్ పట్టీల మీద కొద్దిగా కదులుతుంది. ఆ కదలికకు షాఫ్ట్‌లో పళ్లున్న జాయింటు ఒకదాంట్లో ఒకటి జారాలి. గ్రీజు ఎండిపోతే అది జారకుండా పట్టుకొని, ఒక్కసారి వదులుతుంది. ఆ వదిలిన చప్పుడే టక్. నా బండి కింద పడుకొని చూస్తే, ఆ పళ్ల దగ్గర ఎర్రమట్టి గట్టిపడి ఇటుక పెళ్లలా ఉంది. గోరుతో గీకితే రాలేదు. విప్పి కడిగి, గ్రీజు పెట్టి, విప్పేముందు పెట్టుకున్న గుర్తుల ప్రకారమే బిగించారు. పని అరపూట, ఖర్చు కొన్ని వందలు. గుర్తులు పెట్టుకోకుండా తిప్పి బిగిస్తే కొత్త వణుకు వస్తుంది, దగ్గరుండి చూసుకోండి. మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ రబ్బరు, గేర్‌బాక్స్ మౌంట్ కూడా అప్పుడే చూడాలి.

ఇవన్నీ బాగుంటే, రెండు నుంచి ఒకటికి దిగే షిఫ్టే మొరటుగా ఉందని అర్థం. ఆయిల్ మార్చాకనో, కొన్ని బండ్లలో బ్యాటరీ తీసి పెట్టాకనో, కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు సరిపోక ఇట్లా అవుతుంది. స్కానర్‌తో రీసెట్ చేయించి, రెండు మూడు రోజులు మెల్లగా నడిపితే మళ్లీ నేర్చుకుంటుంది.

సన్నటి వణుకు

ఇది నా బండి జబ్బు. 60 నుంచి 80 మధ్యలో, కాలు సన్నగా ఆనించి పోతున్నప్పుడే వస్తుంది. గట్టిగా తొక్కినా, పూర్తిగా వదిలినా ఉండదు. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించేది టార్క్ కన్వర్టర్. ఆ స్పీడులో దాని లోపల, రెంటినీ నేరుగా కలిపే లాక్ అప్ క్లచ్ పట్టుకుంటుంది. ఆయిల్ పాతబడి దానిలోని గుణం పోతే, ఆ క్లచ్ సాఫీగా పట్టుకోలేక పట్టి వదిలి పట్టి వదిలి వణుకుతుంది.

టైరుదా కన్వర్టర్‌దా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ముందూ వెనకా ఎవరూ లేని తిన్నటి రోడ్డు మీద, వణుకు వస్తున్నప్పుడు కుడి కాలు కదపకుండా, ఎడమ కాలితో బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే పెడల్‌ను తాకాలి. లైటు వెలగగానే లాక్ అప్ వదిలేస్తుంది. వణుకు అదే క్షణం ఆగితే అది కన్వర్టర్‌ది. టైరుదైతే ఆగదు. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ రెండు టైర్ల డబ్బు మిగిలేది.

పరిష్కారం సరైన ఆయిల్. కింద బోల్టు విప్పితే మొత్తం ఆయిల్‌లో సగం లోపే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. అందుకే నాకు మొదట నాలుగు లీటర్లు మార్చి, 500 కిలోమీటర్లు నడిపాక మళ్లీ నాలుగు మార్చారు. మొదటిసారికి తగ్గింది, రెండోసారికి పోయింది. ఇట్లా మార్చినా పోకుంటేనే కన్వర్టర్ మార్చే మాట.

ఘాట్ మీద పైకీ కిందికీ

మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో లోడుతో ఎక్కుతుంటే మూడు, నాలుగు, మళ్లీ మూడు అని బాక్స్ ఊగిసలాడుతుంది. ఇది జబ్బు కాదు. లివర్‌ను మాన్యువల్ పక్కకు జరిపి మూడులో పెట్టి పొండి. మాటిమాటికీ గేరు మారడం, కన్వర్టర్ జారడం తగ్గితే ఆయిల్ వేడి కూడా తగ్గుతుంది. దిగేటప్పుడు కూడా అదే గేరు. న్యూట్రల్‌లో వేసి దింపే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి, ఇంజన్ పట్టు లేక భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

వేడి హెచ్చరిక మాటిమాటికీ వస్తుంటే ముందుగా రేడియేటర్ చూడండి. కోతల రోజుల్లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల చుట్టూ తిరిగే బండ్లకు తాలు, నూగు రేకుల మధ్య దట్టంగా పేరుకుంటుంది. ఇంజన్ పక్క నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. రేగడి చేలో దిగబడ్డప్పుడు డీ, ఆర్, డీ, ఆర్ అని ఊపుతూ తొక్కితే కూడా ఆయిల్ నిమిషాల్లో మరుగుతుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే గేరు) పెట్టి, చక్రం కింద పలక వేసి మెల్లగా రండి.

ఒకే గేరులో ఇరుక్కుపోయింది

లైటు వెలిగి, బండి మూడులోనో నాలుగులోనో ఉండిపోతే కంప్యూటర్ బాక్స్‌ను కాపాడుతున్నట్టు. స్కానర్ పెట్టించండి. పీ 0700 అనేది బాక్స్‌లో ఏదో ఉందని చెప్పే గంట మాత్రమే, అసలు సంగతి దాని పక్కన వచ్చే కోడ్‌లో ఉంటుంది. పీ 0715, పీ 0720 వస్తే స్పీడ్ సెన్సర్లు. పీ 0741 వస్తే లాక్ అప్. పీ 0218 వస్తే వేడి.

సెన్సర్ కోడ్ రాగానే సెన్సర్ కొనొద్దు. తోట దగ్గర నిలిపే బండ్లకు ఎలుకల బాధ ఉంటుంది, ముందు వైరింగ్ చూడండి. బ్యాటరీ కూడా చూడండి. ఇంజన్ ఆపి 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. ఎర్త్ వైరు తుప్పు పడితే సొలెనాయిడ్లు పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తాయి.

లివర్ పీ (పార్కింగ్) నుంచే రాకపోతే వెనక బ్రేక్ లైటు వెలుగుతుందో లేదో చూస్తే చాలు. వెలగకుంటే ఫ్యూజో, బ్రేక్ స్విచ్చో. వెలిగినా ఏటవాలు మీద ఇరుక్కుంటే బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద పడి ఉంటుంది. ఇకనుంచి హ్యాండ్ బ్రేక్ ముందు, పీ తర్వాత.

ఆయిల్ చెప్పే మాట

ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేయండి. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగుకు తిరిగితే మార్చే టైం. నల్లగా, మాడిన వాసన వస్తూ, వేళ్ల మధ్య గరుకు తగిలితే లోపల ప్లేట్లు అరుగుతున్నాయి. రోజ్ మిల్క్‌లా కనబడితే రేడియేటర్‌లో ఉన్న కూలర్ చిల్లు పడి నీళ్లు కలుస్తున్నాయి. ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

డబ్బా మీద ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే కావాలి. డిఫరెన్షియల్‌లో పోసే చిక్కటి గేర్ ఆయిల్‌ను ఇందులో పోయించినవాళ్లను చూశాను, దాని తర్వాత ఆ బాక్స్‌ను ఎవరూ కాపాడలేకపోయారు. జీవితాంతం మార్చక్కర్లేదని కొన్ని కంపెనీలు అంటాయి. మన ఎండలకు, మన లోడ్లకు ఆ మాట నేను నమ్మను. నేను 50,000 కిలోమీటర్లకు మారుస్తాను.

దారిలో ఆగిపోతే ట్రాక్టర్‌కు తాడు కట్టి గుంజించొద్దు. ఇంజన్ ఆగితే బాక్స్ పంపు ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపల గేర్లు, బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. తోస్తే స్టార్ట్ అయ్యే బండి కూడా కాదు. నాలుగు చక్రాలూ నేల మీంచి లేచేట్టు ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. అది వచ్చేదాకా రోడ్డు పక్కన నీడ చూసుకొని కూర్చోండి.