కిర్ రాయల్ ఇంట్లో కలపడం: కాసిస్ 10 మిల్లీలీటర్లు చాలు

కిర్ రాయల్‌లో ఉండేవి రెండే: క్రెమ్ ద కాసిస్ అనే తియ్యటి బ్లాక్‌కరెంట్ పళ్ల లిక్కర్, షాంపేన్. షేకర్ అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు, నిమ్మచెక్క కూడా అక్కర్లేదు. అయినా నా చేతికొచ్చే గ్లాసు చాలాసార్లు వెగటు పుట్టేంత తియ్యగా ఉంటుంది. కాసిస్ ఎక్కువ పోయడమే కారణం. ఈ డ్రింక్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కొలత దగ్గర మొండిగా ఉంటాను.

ఇది ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో పుట్టింది. అక్కడ అలిగోటే అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్ బాగా పుల్లగా ఉంటుంది. దానికి కాసిస్ కొంచెం కలిపి తాగడం అక్కడి అలవాటు. 1945 నుంచి 1968లో చనిపోయేదాకా అక్కడి డిజాన్ నగరానికి మేయరుగా ఉన్న ఫెలిక్స్ కిర్ ఒక కేథలిక్ ఫాదర్. మేయర్ ఆఫీసుకి వచ్చిన అతిథులకి ఆయన ఇదే ఇప్పించేవారు. అలా ఆయన పేరే ఈ డ్రింక్‌కి స్థిరపడిపోయింది. తెల్ల వైన్ బదులు షాంపేన్ పోస్తే అది కిర్ రాయల్. అంటే మొదటినుంచీ ఇది పుల్లటి వైన్‌కి కాస్త తీపి తగిలించే పద్ధతి. తీపి కోసం తాగేది కాదు.

ఇప్పుడు కాసిస్ సంగతి. పేరులో క్రెమ్ ఉన్నా ఇందులో పాలూ మీగడా ఏమీ ఉండవు. యూరప్ నిబంధనల ప్రకారం క్రెమ్ ద కాసిస్ అని రాయాలంటే లీటరుకి కనీసం 400 గ్రాముల చక్కెర ఉండాలి. అక్కడినుంచి లెక్క వేసుకోండి. 10 మిల్లీలీటర్ల కాసిస్‌లో 4 గ్రాముల చక్కెర. దానికి 90 మిల్లీలీటర్ల వైన్ కలిపితే, వైన్‌లో ఉండే కొంచెం చక్కెరతో కలిసి ఆ గ్లాసు తీపి లీటరుకి 40 గ్రాములు దాటుతుంది. షాంపేన్‌లో డెమీ-సెక్ అనే తియ్యటి రకం ఉండేది 32 నుంచి 50 గ్రాముల మధ్యలో. 10 మిల్లీలీటర్లతోనే మనం అక్కడికి చేరిపోయాం. 20 పోస్తే 70 దాటుతుంది, ఇక వైన్ రుచి తెలియదు. నేను దగ్గుమందు సీసాతో వచ్చే గీతల కప్పుతో కొలుస్తాను. అంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

సీసా కొనేటప్పుడు లేబుల్ చదవండి. బ్లాక్‌కరెంట్, చక్కెర, ఆల్కహాల్, ఈ మూడే ఉంటే మంచిది. రంగులూ ఫ్లేవర్లూ కలిపినది వద్దు. ఆల్కహాల్ సాధారణంగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే కొన్ని నెలల్లో ఊదారంగు గోధుమరంగుకి తిరుగుతుంది, పండు వాసన పోతుంది.

వైన్‌కి వస్తే, లేబుల్ మీద బ్రూట్ అని, అంటే తీపి బాగా తక్కువని, ఉండాలి. ఎక్స్‌ట్రా డ్రై అన్న మాట చూసి ఇంకా తక్కువ తీపి అనుకోకండి, అది బ్రూట్ కంటే తియ్యన. నిజం చెప్పాలంటే షాంపేన్ కంటే నాకు క్రెమాన్ ద బుర్గోన్ అనే బుడగల వైన్ నచ్చుతుంది. అదీ షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులుస్తుంది, ధర తక్కువ, పైగా కాసిస్ పుట్టిన ప్రాంతానిదే. ఏళ్ల తరబడి నిలవచేసిన ఖరీదైన షాంపేన్ ఇంట్లో ఉంటే దాన్ని విడిగానే తాగండి. దానికున్న కాల్చిన బ్రెడ్ లాంటి వాసనని కాసిస్ పూర్తిగా కప్పేస్తుంది.

సీసాని ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు పెట్టండి. తొందరగా కావాలంటే బకెట్లో ఐసూ నీళ్లూ కలిపి మెడదాకా ముంచితే అరగంట చాలు. ఉత్త ఐసు అంత త్వరగా పనిచేయదు, నీళ్లుంటేనే సీసాకి చుట్టూ చలి తగులుతుంది. 6 నుంచి 8 డిగ్రీలు సరిపోతుంది. కాసిస్ కూడా చల్లగానే ఉండాలి.

తెరిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైనే. కార్క్‌కి చుట్టి ఉన్న వైరు వదులు చేసిన క్షణంనుంచి బొటనవేలు కార్క్ మీదనుంచి తీయకూడదు. మూతి మనుషులవైపు ఉండకూడదు. సీసాని కొంచెం వంచి, కార్క్‌ని గట్టిగా పట్టుకుని, సీసానే మెల్లగా తిప్పండి. ఢామ్మని పేలితే నురగతో పాటు గ్యాసూ పోతుంది. చిన్న నిట్టూర్పులా చప్పుడొస్తే చాలు.

సన్నటి ఫ్లూట్ గానీ ట్యులిప్ ఆకారం గ్లాసు గానీ తీసుకోండి. సబ్బు అంటి ఉంటే నురగ నిలవదు, అందుకే వేడినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. ముందు 10 మిల్లీలీటర్ల కాసిస్. తర్వాత గ్లాసు వంచి, పక్కగోడ మీదుగా 90 మిల్లీలీటర్ల వైన్. నిటారు గ్లాసులో పైనుంచి పోస్తే బుడగలు ఎక్కువ పోతాయి. కొంచెం పోసి నురగ దిగాక మిగతాది పోయండి. వైన్ దిగే ఊపుకే రెండూ కలిసిపోతాయి, చెంచాతో తిప్పకూడదు. కాసిస్ తర్వాత పోస్తే బరువుకి అడుగుకి దిగిపోతుంది, చివరి గుక్కంతా తీపే.

రంగు లేత గులాబీకి కాస్త ముదురుగా, ఆవలివైపు కనిపించేలా ఉండాలి. ద్రాక్షరసంలా చిక్కబడిందంటే కాసిస్ ఎక్కువైనట్టే, ఇంకొంచెం వైన్ పోయండి.

750 మిల్లీలీటర్ల సీసాకి ఎనిమిది గ్లాసులు వస్తాయి. అందుకని అతిథులు వచ్చాకే తెరవండి, ముందే కలిపి పెట్టకండి. మిగిలితే షాంపేన్ కోసం అమ్మే బిగింపు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాటికల్లా తాగేయాలి.